ఆమోసు అడగని అన్నం

పరలోక ప్రార్థనలో ఒక్క మాట దగ్గర ఆమోసు నోరు మూసుకునేవాడు.

గుడి నిండా జనం ఒక్క గొంతుతో చెబుతుంటే వెనక గోడకి ఆనుకుని తనూ చెప్పేవాడు. తండ్రీ అనేవాడు, నీ చిత్తం అనేవాడు. ఏ రోజు అన్నం ఆ రోజు పెట్టమని అడిగే చోటికి వచ్చేసరికి పెదాలు బిగించేసేవాడు. జనం ఆ మాట దాటి, తప్పులు క్షమించమనే చోటికి పోయాక మళ్ళీ అందుకునేవాడు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదు. పూట గడవడానికి ఠికానా లేని మనిషి. ఆ గుడిలో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అడగాల్సిన మాట అది. దాన్నే మింగేసేవాడు.

కారణం అతని పని. ఆమోసు సమాధులు తవ్వేవాడు. బెజవాడలో కొండ వార క్రైస్తవుల సమాధుల తోట ఒకటి ఉండేది. తోటన్నది పేరుకే. రెండు వేపచెట్లు, చుట్టూ సర్కారు తుమ్మ, మధ్యలో సిలువలు. గేటు పక్కన ఒంటిగది పెంకుటిల్లు. ఆ గదీ, గునపమూ, పారా తండ్రి మాణిక్యం నుంచి ఆమోసుకి వచ్చాయి. నెలజీతం అంటూ లేదు. గొయ్యి తవ్వితే పోయినవాళ్ళ తాలూకు మనుషులు చేతిలో పెట్టిందే కూలీ. ఎవరూ పోకపోతే ఏమీ లేదు. ఉండటానికి ఇల్లిచ్చాం కదా అనేవాళ్ళు సంఘ పెద్దలు. వాళ్ళంతా ఒకటో తారీఖున జీతం అందుకునే మనుషులు. చావు మీద బతకడం ఎలా ఉంటుందో వాళ్ళలో ఒక్కడూ ఒక్క వారం బతికి చూడలేదు.

పెళ్ళయిన కొత్తలో ఆమోసు కూడా అందరిలాగే అడిగేవాడు. ఒక ఎండాకాలం వరసగా పని లేదు. కొత్త పెళ్ళాం మార్త మునగాకు ఉడకబెట్టి ఉప్పు చల్లి పెట్టింది. మర్నాడూ అదే పెట్టింది. ఆ తెల్లవారి ఆమోసు మోకాళ్ళ మీద కూర్చుని ఆ మాటని పట్టుబట్టి అడిగాడు, అప్పిచ్చినవాడు అడిగినట్టు అడిగాడు. మధ్యాహ్నానికి గేటు దగ్గర రైల్వే గార్డు ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతుల మీద చిన్న పెట్టె. మోయడానికి నలుగురు అక్కర్లేని పెట్టె.

కొండ వార నేల గులకరాళ్ళ నేల. పెద్దవాళ్ళకి తవ్వాలంటే గునపం మొన వంకరపోతుంది. ఆ గొయ్యికి అంత కష్టమేం పడలేదు. గార్డు తన జేబులో ఉన్నదంతా తీసి, ఎంతో చూడకుండా ఆమోసు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం మార్త బియ్యం తెచ్చి వండింది. కంచంలో అన్నం పొగలు కక్కుతుంటే ఆమోసుకి తెల్లవారి అడిగిన మాట గుర్తొచ్చింది. కంచం తోసెయ్యలేదు. తిన్నాడు. ఆకలి అలాంటిది. తిన్నాక వేపచెట్టు దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట అడగలేదు.

అబ్రహాము గారు ఆ సంఘానికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి దీన్ని పట్టుకున్నారు. ప్రార్థనలో కళ్ళు తెరిచి జనాన్ని చూసే అలవాటున్న పాస్టరు ఆయన.

"ఏంటి ఆమోసూ, అన్నం అడగాల్సిన చోట నోరు కట్టేసుకుంటావేంటి? ఉపవాసమా?"

"కాదండి అయ్యగారూ. నాకు అన్నం రావాలంటే ఎవరో ఒకరు పోవాలి కదండీ. మరి ఎవర్ని పంపమని అడగమంటారు? మీరు పేరు చెబితే అడుగుతాను."

అయ్యగారు నవ్వబోయి ఆగిపోయారు. ఎడారిలో నడిచే జనానికి దేవుడు పెట్టిన ఆహారం, ఆ మన్నా, ఏనాటిది ఆనాడే ఆకాశం నుంచి కురిసిందనీ, రేపటికని దాచుకుంటే పురుగు పట్టిందనీ చెప్పుకొచ్చారు. ఆమోసు చేతులు కట్టుకుని విన్నాడు. విని, "మన్నా కురవడానికి ఎవరూ చావక్కర్లేదు కదండీ" అన్నాడు. దాంతో ఆ సంభాషణ అయిపోయింది. ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషనుకి పునాదులు పడుతున్నప్పుడు బాలశౌరి వచ్చి పిలిచాడు. బాలశౌరి ఆర్సీయం మనిషి, అంటే కేథలిక్కు. లారీల మీద కూలీ. ఆమోసుకి పాత స్నేహితుడు.

"అక్కడా గోతులే అన్నా. ఆ గోతుల్లో సిమెంటు పోస్తారు, నీ గోతుల్లో మనుషుల్ని పోస్తారు. కూలీ మాత్రం సిమెంటుకే ఎక్కువ."

ఆమోసు వెళ్ళాడు. కొన్నాళ్ళు చేశాడు కూడా. ఇక్కడ ఒక పంతులమ్మ చనిపోతే తవ్వేవాడు లేక పెట్టె మధ్యాహ్నం ఎండలో గేటు ముందే ఉండిపోయింది. ఆ సంగతి తెలిసి తిరిగొచ్చేశాడు. ఎవరూ రమ్మనలేదు, తిట్టలేదు. ఆ పెట్టె ఎండలో ఉందన్న మాట అతనికి సయించలేదు, అంతే.

ఇలా నోరు మూసుకుని నడుస్తున్న బతుకులోకి డెబ్బై ఏడో సంవత్సరం నవంబరు వచ్చింది.

నెల మొదట్లో సమాధుల పండుగ. జనం వచ్చి సున్నాలు వేయించారు, పూలు పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు. ఆ నాలుగు డబ్బులూ అయిపోయాయి. తర్వాత ఎవరూ పోలేదు. మార్తకి పచ్చకామెర్లు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పసరు మందు మింగించారు, పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆసుపత్రిలో గ్లూకోజు, పళ్ళు, పలచటి గంజి అని చెప్పారు. ఇంట్లో గంజికి కూడా గింజల్లేవు.

శనివారం తెల్లవారే సరికి ఆకాశం బూడిద ముద్దలా ఉంది. గాలి వేపచెట్లని పట్టి వంచుతోంది. మార్త గోడకి చేరగిలబడి కూర్చుంది.

"అడుగయ్యా," అంది.

"ఏంటి అడిగేది?"

"ఏంటో నీకు తెలుసు."

"అడిగితే ఎవరింట్లోనో ఏడుపు లేస్తది మార్తా."

"నువ్వు అడక్కపోతే లేవకుండా ఉందా? ఇన్నేళ్ళూ నువ్వు నోరు మూసుకున్నావ్. జనం చావకుండా ఉన్నారా? చచ్చారు. మనం తిన్నాం. అడక్కుండా తిన్నాం, అదొక్కటే తేడా." ఆయాసం వచ్చి ఆగింది. "పెట్టేవాణ్ణి అడక్కుండా తినడం దొంగతనం కాదా?"

ఆమోసు లేచి దగ్గరికి వచ్చాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ పసుపు చూడలేకపోయాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తండ్రీ అన్నాడు, నీ చిత్తం అన్నాడు, అన్నం దగ్గరికి వచ్చాడు. పెదాలు అలవాటుగా బిగుసుకున్నాయి. అయినా అడిగాడు. ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత తన నోట్లోంచి వస్తుంటే పరాయివాడి గొంతులా వినిపించింది. మార్త ఆమెన్ అంది.

మధ్యాహ్నం దాటాక గాలి గాలిలా లేదు. పెంకులు లేచిపోయాయి. ఒక వేపచెట్టు వేళ్ళతో సహా ఒరిగి మూడు సమాధుల మీద పడింది. బెజవాడ మట్టుకు జరిగిన నష్టం అంతే. ఆదివారం ఎవరికీ ఏమీ తెలియలేదు. తీగలు తెగిపోయాయి, బస్సులు లేవు. సోమవారం నుంచి మాట పాకడం మొదలుపెట్టింది. దివిసీమ మీద సముద్రం పడిందట. తాటిచెట్టెత్తు లేచిందట. ఊళ్ళకి ఊళ్ళే లేవట.

గేటు ముందు లారీ ఆగింది. అబ్రహాము గారు దిగారు. గడ్డం గీసుకోలేదు, చొక్కా నలిగి ఉంది.

"ఆమోసూ, దివి పోవాలి. బట్టలు సర్దుకో. గునపం, పార కూడా తెచ్చుకో."

"ఎవరు పోయారండీ?"

"అందరూ," అన్నారు అయ్యగారు.

లారీ మీంచి బాలశౌరి ఒక బియ్యం బస్తా దింపి గుమ్మం పక్కన ఆనించాడు. తవ్వడానికి వచ్చేవాళ్ళ కుటుంబాలకని సాయం చేసేవాళ్ళు పంపించారట. బస్తా మొత్తం ఇంట్లో మార్తమ్మకే. ఆమోసు ఆ బస్తాని చూశాడు. మార్త కూడా దాన్నే చూసింది. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు. అప్పుడే అనుకుని ఉంటే కొంత నయమయ్యేది.

ఉయ్యూరు దాకా రోడ్డు రోడ్డులాగే ఉంది. చల్లపల్లి దాటాక చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. కోతకి వచ్చిన వరి ఉప్పునీళ్ళలో నల్లబడి కుళ్ళుతోంది. ఇంకా కిందికి పోయాక వరి కూడా లేదు. బురద, నీళ్ళు, ఉబ్బిన గేదెలు. తుమ్మచెట్ల ముళ్ళలో చీరలు చిక్కుకుని ఉన్నాయి. కొన్ని చీరల్లో మనుషులున్నారు.

కొండ వార రాతినేల తవ్విన చేతులకి ఆ మట్టి అంతుపట్టలేదు. కాస్త తవ్వేసరికి నీరు ఊరుతుంది. నీటిలో పెట్టిన శవం పైకి తేలుతుంది. చివరికి కరకట్ట మీద ఎత్తుగా ఉన్న చోట పొడుగాటి గోతులు తవ్వారు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని, బ్లీచింగ్ పౌడరు చల్లుకుంటూ, చాపల్లో చుట్టి మోసుకొచ్చి పెట్టారు. మొదట్లో ఆమోసు ఒక్కొక్కర్నీ కాళ్ళు తూర్పుకి పెట్టి తిన్నగా పడుకోబెట్టబోయాడు. ఇంటి దగ్గర అలాగే చేసేవాడు, పునరుత్థానం రోజున లేస్తే సూర్యుడికి ఎదురుగా లేవాలని. కొంతసేపయ్యాక బాలశౌరి అతని భుజం పట్టుకున్నాడు.

"ఇంతమందిని ఎంతని తిప్పుతావన్నా. ఆ రోజున లేచాక వాళ్ళే తిరుగుతారులే."

ఆమోసు మానేశాడు. అది మానేసినప్పుడు లోపల ఇంకేదో కూడా ఆగిపోయింది.

మధ్యాహ్నం లారీలు అన్నం పొట్లాలు తెచ్చేవి. పులిహోర, పెరుగన్నం. ఆమోసు తీసుకోలేదు. నేల రాలిన బొండాలు కొట్టుకుని నీళ్ళు తాగేవాడు. అడిగింది తను. ఇచ్చింది పైనున్న ఆయన. ఎలా ఇచ్చాడో ఇక్కడ కళ్ళ ముందు ఉంది. ఆ పొట్లంలో ఉన్నది ఈ మనుషులే అనిపించేది. దాన్ని నోట్లో పెట్టుకుంటే బేరం కుదిరినట్టే. ఇక ఈ అన్నం తినకూడదు, ఇక ఆయన్ని ఏదీ అడగకూడదు, ప్రార్థన అసలు చెయ్యకూడదు. పారతో పడిపోతే పడిపోవడమే, గొయ్యి పక్కనే ఉంది.

రెండో రోజుకి బాలశౌరి పసిగట్టాడు. "ఏంటన్నా, వాసనకా? నాకూ అలాగే ఉంది. సారా చుక్క వేసుకో, దిగిపోద్ది."

ఆమోసు చెప్పాడు. శనివారం పొద్దున సంగతి, రైల్వే గార్డు తెచ్చిన చిన్న పెట్టె సంగతి, అన్నీ. బాలశౌరి విని బీడీ పారేశాడు.

"నీ ఒక్కడి నోటికి ఇంత తుపానా? మా బిషపుగారు వానల కోసం ఎన్నిసార్లు మొక్కించారు. ఒక్కసారి తుంపర పడలేదు. నువ్వు గోతులు తవ్వే మనిషివి, నువ్వడిగితే సముద్రం లేచిందా?"

"ఎగతాళి కాదురా శౌరీ."

"ఎగతాళి కాకపోతే ఏడవమంటావా? ఏడ్చాను పొద్దున. అయిపోయింది." పొట్లం విప్పి అతని ముందు పెట్టాడు. ఆమోసు ముట్టుకోలేదు. సాయంత్రం దాన్ని కుక్క తింది.

మర్నాడు కట్ట మలుపు దగ్గర ఒక ముసలావిడ కనిపించింది. పేరు బుల్లెమ్మ. ఆ ఊళ్ళో రైతుల ఇంటి మనిషి. పక్కన చాపలో ఒక శవం. చేతిలో కర్ర. కుక్కల్ని కొడుతోంది, శవాలు మోసేవాళ్ళని కూడా కొడుతోంది. ఆ చాపలో ఉన్నది ఆవిడ కోడలు రామతులసి. తుమ్మకంపలో జుట్టు చుట్టుకుని దొరికింది. కొడుకు జాడ లేదు, మనవళ్ళ జాడ లేదు. మోసేవాళ్ళు విసిగిపోయి ఆమోసుని పంపారు.

"దీన్ని ఆ గుంపులో పడెయ్యనివ్వను," అంది బుల్లెమ్మ. "దీనికి విడిగా తవ్వు."

"మీలో దహనం చేస్తారు కదమ్మా."

"ఏం పెట్టి కాల్చను, నా ఎముకలు పెట్టా? ఊరు మొత్తంలో ఎండిన పుల్ల ఒక్కటి చూపించు. చూపించు, కాల్చేస్తా."

ఆ నెల మొదట్లో అయితే ఆమోసుని ఆవిడ వాకిట్లోకి రానిచ్చేది కాదు. బయట నిలబడి దోసిలి పడితే ఆవిడ పైనుంచి నీళ్ళు పోసేది. ఇప్పుడు వాకిలే లేదు. ఆమోసు భుజం మీది తువ్వాలు తీసి చాప పొడవునా పరిచి కొలత తీసుకున్నాడు. దివికి వచ్చాక అతను ఒక మనిషిని కొలవడం అదే మొదలు. గొయ్యి మొదలుపెట్టాడు. నడుము లోతు రాకుండానే కళ్ళు బైర్లు కమ్మాయి. పార జారింది. గోతిలోనే కూలబడ్డాడు.

బుల్లెమ్మ గట్టు మీంచి చూసింది. "ఏమయ్యా, నువ్వు కూడా పోతున్నావా? నీకెవరు తవ్వుతారు?"

ఆవిడ చెంగులో ఒక పొట్లం ముడేసి ఉంది. హెలికాప్టరు వేసిన పులిహోర. విప్పి, చేత్తో రెండు భాగాలు చేసి, ఒకటి అతనికి చాచింది.

"వద్దమ్మా."

"ఏం, చద్దిదనా?"

"అది కాదమ్మా." ఆమోసు గోతిలో కూర్చునే చెప్పాడు. తను అన్నం అడిగిన సంగతి. వెనకటికి ఒకసారి అడిగితే ఒక పసిబిడ్డ పెట్టె వచ్చిన సంగతి. ఈసారి ఇంతమంది పోయిన సంగతి. మీ కోడల్ని చంపింది నా ప్రార్థనే అన్నాడు. ఆవిడ కర్ర తీసుకుని కొడుతుందని అనుకున్నాడు. కొడితే బావుండు అనుకున్నాడు.

బుల్లెమ్మ చాప మీది ఈగల్ని తోలింది. తర్వాత అంది:

"నువ్వడిగితే సముద్రం లేచిందా? అంత మాట చెల్లుతుందా నీకు? అయితే అడుగు. దీన్ని లేపమని అడుగు. నేనిక్కడే కూర్చుని వింటా."

"అమ్మా..."

"అడగవయ్యా. చంపడానికి పనికొచ్చిన నోరు లేపడానికి పనికిరాదా?"

ఆమోసు గోతిలోంచి పైకి వచ్చాడు. ఆవిడ ఎగతాళికి అనలేదు. అతను కూడా ఎగతాళిగా తీసుకోలేదు. బురదలో చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రామతులసిని లేపమని అడిగాడు. పేరు పెట్టి అడిగాడు. శనివారం ఎంత గట్టిగా అడిగాడో అంతకంటే గట్టిగా, ఉన్న బలమంతా పెట్టి అడిగాడు. నా ప్రాణం తీసుకుని ఈ పిల్లని లేపమని కూడా అన్నాడు.

ఈగలు చాప మీద వాలుతూ లేస్తూ ఉన్నాయి. దూరంగా ఎవరో కిరసనాయిలు డబ్బా దొర్లించారు. చాప కదల్లేదు.

"చూశావా," అంది బుల్లెమ్మ. ఆవిడ కూడా ఒక్క క్షణం ఆ చాప కదులుతుందేమోనని చూసింది. "నీ మాటకి అంత లేదు. తిను."

ఆమోసు ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా పైలోకానికి కట్టిన తాడొకటి తన చేతిలో ఉందని నమ్మాడు. లాగితే ఎవరో ఒకరు రాలతారని భయపడి లాగకుండా బతికాడు. అసలు తాడే లేదు. అతను అడిగేవాడు, అంతే. ఇచ్చేవాడికీ, తీసుకునేవాడికీ అతని నోటితో పని లేదు. ఇది తెలియగానే గుండె తేలికపడిందా అంటే, పడింది, భయం కూడా వేసింది. తన తప్పు కాకపోతే మరి ఇదంతా ఏమిటి?

"మరి ఎవరు చేశారమ్మా ఇది?"

"నాకేం తెలుసు. మీ దేవుణ్ణి అడుగు, మా దేవుణ్ణి కూడా అడుగుదాం. ముందు తిను. నువ్వు తినకపోతే ఇది ఇలాగే పడి ఉంటది."

ఆవిడ చేతిలోంచి ఆ పులిహోర అతను అందుకున్నాడు. పుల్లగా ఉంది, కాస్త వాసన కూడా వేస్తోంది. ఇల్లూ వాకిలీ కొడుకూ కోడలూ పోయిన మనిషి తన వంతులోంచి విరిచి పెట్టిన అన్నం అది. ఎవరి చావూ ఆ ముద్దని అతనికి తెచ్చిపెట్టలేదు. చావంతా అయిపోయాక, చావు పక్కనే కూర్చున్న మనిషి ఇంకా బతికి ఉండి పెట్టింది. మింగుతుంటే గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాడు.

గొయ్యి పూర్తి చేశాడు. రామతులసిని తిన్నగా, కాళ్ళు తూర్పుకి పెట్టి పడుకోబెట్టాడు. మట్టి వేశాక "మీ ప్రార్థన ఏదో చదువు, నాకేం అభ్యంతరం లేదు," అంది బుల్లెమ్మ. అతను మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. అన్నం మాట కూడా చెప్పాడు. ఆ చోట ఆ మాట ఎంత అసందర్భంగా ఉందో అతనికి తెలుసు. అయినా దాటెయ్యలేదు.

మిగతా పని అయ్యేదాకా ఉండి ఇంటికి వచ్చాడు. గేటు తీసుకుని లోపలికి పోయేసరికి గుమ్మం పక్కన బియ్యం బస్తా దించిన చోటే ఉంది. మూతి కుట్టు విప్పలేదు.

మార్త మంచం మీద ఉంది. చెక్కిళ్ళు లోపలికి పోయాయి. పక్కనున్న పేటలోంచి రావమ్మ వచ్చి నీళ్ళు తాగించిపోతోందట. గంజి కాస్తానంటే వద్దందట.

"ఎందుకు విప్పలేదు?"

"నీకు తెలుసు."

"చెప్పు."

"అడగమన్నది నేను కదయ్యా," అంది. "నువ్వు వద్దంటే పోరు పెట్టి అడిగించాను. పేపర్లో చదివి చెప్పారు జనం. ఎంతమందో... ఆ బియ్యం నాకెలా దిగుతది?"

ఆమోసు మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ రోజు లారీ ముందు ఇద్దరూ పైకి అనకుండా మింగిన మాట ఒంటరిగా ఉన్న ఆమెని ఇన్నాళ్ళూ తినేసింది.

"దివిలో బుల్లెమ్మగారని ఒకావిడ," అన్నాడు. "కోడలు పోయింది. నా ప్రార్థన వల్లేనని చెప్పాను. అయితే లేపమని అడగమంది."

మార్త తల తిప్పి చూసింది. "అడిగావా?"

"అడిగాను."

"లేచిందా?"

"లేవలేదు."

మార్త పైకప్పు వైపు చూసింది. పెంకులు లేచిపోయిన చోట ఎవరో తాటాకులు కప్పారు.

"పిచ్చోళ్ళం," అంది చివరికి. "పద, పొయ్యి వెలిగించు."

బస్తా కుట్టు ఆమోసు పళ్ళతో తెంపాడు. గంజి కాచి, ఉప్పు వేసి, గరిటెతో తాగించాడు. తాగింది. ఆ రోజు నుంచి రోజూ తాగింది. పొద్దున్నే ఇద్దరూ ప్రార్థన చేసుకునేవాళ్ళు, అన్నం మాట దగ్గర ఇద్దరి గొంతులూ కలిసేవి. ఇదంతా విని మార్త కోలుకుందని అనుకుంటే పొరపాటు. కామెర్లు అప్పటికే లోపలికి దిగాయి. పస్తు వాటికి తోడైంది. క్రిస్మస్‌కి గుడికి రాలేకపోయింది. తర్వాత ఎక్కువ రోజులు లేదు.

గొయ్యి ఆమోసే తవ్వాడు. బాలశౌరి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి పార అందుకోబోతే ఇవ్వలేదు. ఒరిగిపోయిన వేపచెట్టు మొద్దు పక్కన, తను పొద్దున్నే గుమ్మంలోంచి చూస్తే కనిపించే చోట తవ్వాడు. గులకరాళ్ళ నేల. చాలాసేపు పట్టింది.

వచ్చిన జనం కొద్దిమంది. అబ్రహాము గారు పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. అన్నం మాట దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ కళ్ళు తెరిచి అతని వైపు చూశారు. ఆమోసు చెబుతున్నాడు. గొంతు బాగాలేదు, శ్రుతి లేదు, మిగతావాళ్ళకంటే ఒక మాట వెనకపడి చెబుతున్నాడు. పెళ్ళాన్ని మట్టిలో పెట్టి అన్నం అడుగుతున్నాడేంటని ఎవరైనా అనుకున్నారేమో. రేపు తెల్లవారుతుంది, ఆకలేస్తుంది, ఇంకెవర్ని అడుగుతాడు? అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు ఆయన ప్రసంగం చెయ్యలేదు.

ఆ గొయ్యికి కూలీ లేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని రావమ్మ అన్నం, పప్పుచారు తెచ్చి గుమ్మం మీద పెట్టింది. ఆమోసు చేతులకి మట్టి అలాగే ఉంటే, ఆవిడే చెంబుతో నీళ్ళు పోసింది. తిన్నాడు.

"కారం ఎక్కువైందా అన్నయ్యా?"

"కాస్త ఎక్కువే."

"రేపు తగ్గించి తెస్తాలే. రేపు కూడా పొయ్యి జోలికి పోవాకు."

"రేపటి సంగతి రేపు చూద్దాంలేమ్మా," అన్నాడు ఆమోసు. కంచం కడిగి ఆవిడకి ఇచ్చేసి, కొత్త మట్టి కుంగిందేమో చూడటానికి పార తీసుకుని లేచాడు.